నాయనమ్మ ఫోటోలో తప్ప గుర్తు రావడం లేదు, ఏం చేయాలి?

మీ నాయనమ్మ పోయి ఏడాది కావస్తోందని, కళ్ళు మూసుకుంటే గోడ మీది దండ వేసిన ఫోటోయే కనబడుతోంది తప్ప మనిషి గుర్తు రావడం లేదని రాశారు. ప్రేమ తగ్గి కాదండీ, ఆ ఫోటోయే అడ్డం పడుతోంది. మా అమ్మమ్మ పోయినప్పుడు గుంటూరులో మా ఇంట్లోనూ ఇదే జరిగింది.

అమ్మమ్మకి విడిగా తీయించిన ఫోటో ఒక్కటీ లేదు. పిన్ని కూతురి పెళ్ళి గ్రూప్ ఫోటోలోంచి మావయ్య ఆవిడ మొహం వరకూ కట్ చేయించి పెద్దది చేయించాడు. స్టూడియో అబ్బాయి ఊరుకుంటాడా, వెనక నీలం తెర పెట్టాడు, రంగు తేల్చాడు, గడ్డం పక్కనున్న పులిపిరి కూడా తుడిచేశాడు. చీటీ ఎంతకి పాడాలా అని లెక్క వేసుకునేటప్పుడు ఆవిడ వేలు ఆ పులిపిరి మీదే ఉండేది. అది లేకపోతే ఆవిడ కాదు. కానీ పెద్దకర్మకి వచ్చినవాళ్ళంతా "అచ్చం అమ్మవారిలా ఉంది" అంటుంటే ఏమంటాం, ఊరుకున్నాం.

నన్నడిగితే గొడవంతా ఈ అమ్మవారి దగ్గరే మొదలవుతుంది. మనిషి పోగానే తలా ఒక మాట వేసి దేవతను చేసేస్తాం: పల్లెత్తు మాట అనేది కాదు, అందరికీ పెట్టాకే తినేది, కోపమంటే తెలీదు. మా అమ్మమ్మ అందరినీ అనేది. పాలవాడితో నీళ్ళ దగ్గర, అత్తయ్యతో ఉప్పు దగ్గర, నాతో నడక దగ్గర, "ఏందే ఆ పరుగు, నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అని. కొల్లి శారద మార్కెట్లో గోంగూర కట్ట మీద రూపాయి తగ్గించేదాకా కదిలేది కాదు. ఆ రూపాయి తర్వాత తిరిగి ఇచ్చేసేదని రాస్తే బాగుంటుంది గానీ, ఇచ్చేది కాదు, కొంగున ముడేసుకునేది.

మొదటి సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు అత్తయ్య మంచి జరీ చీర తెచ్చి ఫోటో ముందు పెట్టింది. ఆవిడ జన్మంతా మంగళగిరి నేత చీరలే కట్టింది. పిన్ని ఉండబట్టలేక "దీనికెంత పోశావే, డబ్బులు చెట్టుకి కాస్తున్నాయా" అని అచ్చం ఆవిడ గొంతుతో అనేసరికి ముందు అత్తయ్యే నవ్వింది, ఇంక అక్కణ్ణుంచి ఎవరు తిన్న తిట్లు వాళ్ళు చెప్పుకోవడమే. కర్మలన్ని రోజులూ రాని మనిషి ఆ పూట వచ్చి కూర్చున్నట్టయింది. కాబట్టి మీరూ ముందు తిట్లు అడగండి. మంచితనం గురించి అడిగితే అందరూ ఒకే పాట పాడతారు, తిట్లు మాత్రం ఒక్కొక్కరివి ఒక్కో రకం.

రెండోది, తేదీలు. ఆ తరంవాళ్ళకి ఇంగ్లీషు తేదీలు పట్టవు. అమ్మమ్మ లెక్కలో ప్రకాశం బ్యారేజీ తెరిచిన ఏడు పెళ్ళి, సాగర్ కుడికాలవకి నీళ్ళొదిలిన ఏడు మా అమ్మ పుట్టుక, దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు తాతయ్యకి పెద్ద జబ్బు. అవన్నీ ఒక నోట్‌బుక్‌లో వరసగా రాసి, పక్కన 1957, 1967, 1977 అని వేసుకుంటే ఆవిడ జీవితం మొదటిసారి ఒక క్రమంలో కనబడింది నాకు. అమ్మ టెన్త్ సర్టిఫికెట్లో ఉన్న పుట్టినతేదీ బడిలో మాస్టారు వేసేసినదని కూడా అప్పుడే తెలిసింది, అమ్మకి ఇప్పటికీ దాని మీద కోపమే అనుకోండి.

వంట సంగతి మీరు అడగలేదు గానీ చెప్తాను, ఎందుకంటే చేత్తో చేస్తుంటే గుర్తొచ్చేవి కూర్చుని తలుచుకుంటే రావు. మా ఇంట్లో అది పండుమిరపకాయల పచ్చడి. సంక్రాంతి దాటాక కాయ వస్తుంది. కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, ఆ తర్వాతే తొడిమలు తీయాలి. ముందే తీస్తే కాయలోకి నీళ్ళు పోయి పచ్చడి పాడవుతుంది, అమ్మమ్మ దగ్గర అలా తీసిన చేతి మీద దెబ్బ పడేది. ఉప్పూ పసుపూ వేసి తొక్కి, మధ్యలో చింతపండు పెట్టి జాడీకి వాసెన కడితే మూడోనాడు తీసి మళ్ళీ రుబ్బడం. కొలతలన్నీ సోలలు, గిద్దలు. మీ ఇంట్లోనూ పాత ఇత్తడి సోల ఉంటే పాతసామాన్లవాడికి వేయకండి, అందులో ఉప్పు నింపి తూచి గ్రాములు రాసిపెట్టుకోండి. కారానికి విడిగా, పప్పుకి విడిగా తూచాలి, ఒకే సోలలో పట్టినా బరువులు వేరు.

ఇక గొంతు. వాట్సాప్‌లో ఆవిడ పంపిన వాయిస్ మెసేజ్ ఒక్కటున్నా ఈరోజే వేరేచోట దాచండి, ఫోన్ మార్చినప్పుడు పోయేవి ఇవే. బంధువుల ఇళ్ళలో అటక మీద పాత పెళ్ళి వీడియో క్యాసెట్లు ఉంటాయి, మన కోస్తా తేమకి వాటికి బూజు పడుతుంది కాబట్టి ఆలస్యం చేయకుండా స్టూడియోలో ఇచ్చి కంప్యూటర్లోకి ఎక్కించుకోండి. పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ వదిలేసి వెనకాల మాటలు వినండి, పెద్దవాళ్ళు అక్కడ ఎవరో ఒకరి మీద అరుస్తూనే ఉంటారు.

సంవత్సరీకం ఎలాగూ దగ్గర పడింది కదా, అది తిథిని బట్టి వస్తుంది, పోయిన తేదీకే రావాలని లేదు, పంచాంగం చూపించి రోజు ముందే అందరికీ చెప్పేయండి. ఆవిణ్ణి ఎరిగిన పెద్దవాళ్ళు అంతమంది మళ్ళీ ఒకచోట దొరకరు. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి వడ్డన మొదలైనప్పుడే పక్కన పెట్టేయండి, తిన్నాక అడుగుదామనుకుంటే అందరూ నడుం వాలుస్తారు.