బీపీటీ మూడో ఏడాదిలోనే స్టీలు పనిముట్ల కోర్సు అవసరమా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) మూడో ఏడాది. స్టీలు పనిముట్లతో కండరాల నొప్పులు తగ్గించే ఐఏఎస్‌టీఎం అనే పద్ధతికి రెండు రోజుల వర్క్‌షాప్ ఉందట, కిట్టుతో కలిపి 18 వేలు. ఆ సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగం త్వరగా వస్తుందని సీనియర్లు చెబుతున్నారట. కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. ఇంటర్న్‌షిప్‌లో ఉండగా చేయించండి, అప్పుడైతే నేనే కట్టమంటాను.

పద్ధతి మంచిదే. 1990లలో అమెరికాలో డేవిడ్ గ్రాస్టన్ అనే ఆయన తన మోకాలి గాయం కోసం చేయించుకున్న పనిముట్లతో దీనికి బాగా పేరొచ్చింది, చర్మం మీద గీకే చైనావాళ్ల గ్వాషా వైద్యం అయితే అంతకంటే ఎంతో పాతది. చర్మానికి కాస్త క్రీమ్ రాసి, పనిముట్టు అంచును ఏటవాలుగా ఆనించి లాగుతారు. మామూలు చోట నున్నగా జారిపోతుంది, బిగుసుకున్న చోటికి రాగానే కంకర రోడ్డెక్కిన సైకిల్ హ్యాండిల్‌లా చేతిలో సన్నగా అదురుతుంది. ఆ అదురు కండరానిదా, స్నాయువుదా, కింద ఎముకదా అని పోల్చుకోవాల్సింది మాత్రం అమ్మాయి చెయ్యే, ఆ తేడా వేళ్లతో తెలియకుండా స్టీలుతో తెలియదు.

నేను ఫిజియోగా చేరిన కొత్తలో ఒక పెద్దాయన పిక్కకు ఇలాగే చేశాను. రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారా అని అడగలేదు. మర్నాడు ఆయన పంచె పైకి లాగి చూపిస్తే పిక్కంతా నల్లగా కమిలిపోయి ఉంది. ఆయన ఏమీ అనలేదు, నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఉద్యోగం మాటకొస్తే, ప్రైవేటు క్లినిక్‌లో, ముఖ్యంగా ఆటగాళ్లు ఎక్కువగా వచ్చేచోట, ఈ సర్టిఫికెట్ కొంత పనికొస్తుంది, అంతే. మడమ నొప్పికైనా టెన్నిస్ ఎల్బో అనే మోచేతి నొప్పికైనా ఇదొక్కటే చేసి వదిలేస్తే లాభం తక్కువ, తర్వాత స్ట్రెచింగ్, బలం పెంచే వ్యాయామాలు చేయించాల్సిందే. అసలు లాభం ఇంకోటుంది: రోజంతా బొటనవేళ్లతో నొక్కి నొక్కి ఫిజియోలకే వేళ్ల నొప్పులొస్తాయి, పనిముట్టు ఆ భారం తగ్గిస్తుంది.

ఈ ఏడాది అనాటమీ పుస్తకం పక్కన పెట్టుకుని, హాస్టల్లో స్నేహితురాళ్ల పిక్కలూ మోచేతులూ కళ్లు మూసుకుని తడిమి పేర్లు చెప్పమనండి. రేపు డబ్బు కట్టేముందు, ఎవరికి వాడకూడదో ఎంతసేపు నేర్పుతారు, ఒక్కో టీచర్‌కి ఎంతమంది స్టూడెంట్లు అని ఫోన్ చేసి అడగమనండి. సూటిగా చెప్పకపోతే ఆ కోర్సు వదిలేయండి.