క్యాబినెట్‌లో రంగుల లైట్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

సొంతంగా కంప్యూటర్ క్యాబినెట్ తయారు చేసుకుని, అందులో రంగులు మారే ఎల్‌ఈడీ స్ట్రిప్‌లు బిగిస్తున్నవాళ్లు పాలమూరు, నల్లగొండ వైపు నుంచి పంపిన ప్రశ్నలివి. చాలా చిక్కులకు మూలం ఒక్కటే. ఏ రంగు, ఏ డిజైన్ అని చూసుకుంటున్నారు కానీ ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని ఎవరూ చూసుకోవడం లేదు.

మూడు వైర్ల స్ట్రిప్ కొన్నాను. మదర్‌బోర్డ్ మీద రంగుల లైట్లు తగిలించే నాలుగు పిన్నుల చోటు, అదే ఆర్‌జీబీ హెడర్ ఉంది. ప్లగ్ పట్టకపోతే జంపర్ వైర్లతో కలిపాను. ఒక్కసారి మెరిసి ఆరిపోయింది, కాలిన వాసన వచ్చింది. బోర్డు కూడా పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

స్ట్రిప్ మాత్రం పోయినట్టే. బోర్డుకు చాలావరకు ఏమీ కాదు. నాలుగు పిన్నుల హెడర్‌లో ఒక పిన్‌కు ఎప్పుడూ 12 వోల్టులు వస్తుంటాయి. మిగతా మూడూ ఆకుపచ్చ, ఎరుపు, నీలం లైన్లు. మీ మూడు వైర్ల స్ట్రిప్ నడిచేది 5 వోల్టుల మీద. అందులో ప్రతి ఎల్‌ఈడీ లోపలా ఒక చిన్న చిప్ ఉంటుంది. సాధారణంగా వాడే డబ్ల్యూఎస్2812బీ రకం చిప్ 5.3 వోల్టుల వరకే ఓర్చుకుంటుంది. 12 తగిలితే రెప్పపాటులో కాలిపోతుంది. ఆ ప్లగ్ పట్టకుండా కంపెనీవాళ్లు ఒక పిన్ మూసి పెట్టింది ఇందుకే. పట్టని ప్లగ్‌ను జంపర్‌తో కలపడమంటే ఆ కాపలాను మనమే తీసేయడం.

బోర్డు సంగతి ఇలా తేల్చుకోండి. కంప్యూటర్ ఆన్ చేసి, మల్టీమీటర్ నల్ల ప్రోబ్ క్యాబినెట్ ఇనుముకు, ఎర్ర ప్రోబ్ 12 వోల్టుల పిన్‌కు ఆనించండి. ప్రోబ్ జారి పక్క పిన్‌ను తాకకూడదు. 12 దగ్గర్లో చూపిస్తే, 12 వోల్టుల నాలుగు వైర్ల స్ట్రిప్ ముక్క ఒకటి తగిలించి మూడు రంగులూ విడివిడిగా వెలుగుతున్నాయేమో చూడండి. వెలిగితే హెడర్ బాగున్నట్టే.

ఈసారి కొనేటప్పుడు వైర్లు లెక్కపెట్టి ఊరుకోకండి, స్ట్రిప్ మీద అచ్చేసిన అక్షరాలు చదవండి. మూడు వైర్లతో 12 వోల్టుల రకాలు కూడా ఉన్నాయి. స్ట్రిప్‌ను ఏటవాలుగా వెలుతురులో పెట్టి ఒక ఎల్‌ఈడీ లోపలికి చూస్తే ఇంకా నమ్మకం. పారదర్శకమైన జిగురు కింద నల్లటి చదరపు గింజ, దాని నుంచి వెంట్రుకల్లాంటి తీగలు కనిపిస్తే లోపల చిప్ ఉన్నట్టు. లోపల ఆ గింజా, స్ట్రిప్ మీద విడిగా చిప్పూ లేకపోతే అది మొత్తం ఒకే రంగు చూపే మామూలు రకం, దాన్ని మూడేసి ఎల్‌ఈడీల చోటే కత్తిరించాలి.

ప్లైవుడ్, గాజుతో క్యాబినెట్ చేసుకున్నాను. మీటరుకు 60 ఎల్‌ఈడీలున్న 5 వోల్టుల స్ట్రిప్ 2 మీటర్లు చుట్టూ తిప్పి మదర్‌బోర్డ్ హెడర్‌కే ఇచ్చాను. తెలుపు పెడితే మొదట్లో తెల్లగా, చివరకొచ్చేసరికి ఎర్రగా కనిపిస్తోంది. అప్పుడప్పుడూ మినుకుమంటోంది. స్ట్రిప్ నకిలీదా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

స్ట్రిప్‌ది తప్పు కాదు, దానికి చాలినంత కరెంటు అందడం లేదు. పూర్తి తెలుపులో ఒక్కో ఎల్‌ఈడీ 60 మిల్లీఆంపియర్ల దాకా తాగుతుంది. 120 ఎల్‌ఈడీలకు 7.2 ఆంపియర్లు, అంటే 36 వాట్లు. మదర్‌బోర్డ్ హెడర్ ఇచ్చేది మామూలుగా 3 ఆంపియర్లే. మీ బోర్డు మాన్యువల్‌లో ఆ అంకె రాసి ఉంటుంది.

ఎరుపే ఎందుకు మిగులుతుందంటే, స్ట్రిప్‌లోని రాగి పొర కాగితమంత పలుచన. దాని పొడవునా వోల్టేజీ తరుగుతూ పోతుంది. నీలం, ఆకుపచ్చ వెలగాలంటే దాదాపు 3 వోల్టులు కావాలి, ఎరుపుకు 2 చాలు. చివర్లో వోల్టేజీ పడిపోతే ముందు నీలం మసకబారుతుంది, ఆ తర్వాత ఆకుపచ్చ. ఎరుపొక్కటే నిలుస్తుంది. తెలుపు పెట్టి ఉంచి, స్ట్రిప్ చివర ప్లస్, మైనస్ రేకుల మీద మల్టీమీటర్ పెట్టండి. 4 కంటే తక్కువ చూపిస్తే రోగం ఇదే.

మందు ఏమిటంటే, కరెంటును నేరుగా ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై) నుంచి తీసుకుని స్ట్రిప్‌కు రెండు కొసలా ఇవ్వడం. పాత హార్డ్‌డిస్కులకు వాడిన పెద్ద నాలుగు పిన్నుల కనెక్టర్‌లో ఎర్ర వైరు 5 వోల్టులు, పసుపు 12, రెండు నల్లవీ గ్రౌండ్. ఈ మధ్య ఎస్‌ఎంపీఎస్‌లకు అన్ని వైర్లూ నల్లగానే ఇస్తున్నారు, కాబట్టి కొలిచాకే కలపండి. ఇప్పటి హార్డ్‌డిస్కులకు వాడే సాటా కనెక్టర్ నుంచి తీసుకునేట్టయితే 5 వోల్టుల పిన్నులు మూడుంటాయి, ఒక్కోటి 1.5 చొప్పున మొత్తం 4.5 ఆంపియర్లే దాని హద్దు.

0.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు సరిపోతుంది. ప్లస్ దారిలో 5 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి. బండ్ల ఎలక్ట్రికల్ షాపులో హోల్డర్‌తో సహా దొరుకుతుంది. ఇది వద్దనుకునేవాళ్లు ఒక్క మాట ఆలోచించండి. ఎస్‌ఎంపీఎస్ 5 వోల్టుల లైన్ 20 ఆంపియర్ల దాకా ఇవ్వగలదు. ఎక్కడైనా వైరు ఒరుసుకుని సగం షార్ట్ అయితే ఎస్‌ఎంపీఎస్‌కు అది షార్ట్‌లా కనిపించదు, ఆగదు. ఈలోపు సన్న వైరు ఎర్రగా కాలుతుంది. మీది ప్లైవుడ్ డబ్బా కూడాను.

హెడర్ నుంచి డేటా వైరు, గ్రౌండ్ వైరు మాత్రమే స్ట్రిప్‌కు పోవాలి. హెడర్ 5 వోల్టుల వైరును కత్తిరించి కొసకు స్లీవ్ వేసేయండి. గ్రౌండ్ మాత్రం వదలొద్దు. ఆ ఒక్క వైరు కలవకపోతే డేటాకు ఆధారం లేక రంగులు పిచ్చిపిచ్చిగా మారతాయి. డేటా ఎప్పుడూ స్ట్రిప్ మీది బాణం గుర్తు చూపే వైపే పోవాలి. కరెంటుకు రెండు కొసలూ ఒకటే, డేటాకు కాదు.

ఇంత చేశాక కూడా వెలుగును సగానికి తగ్గించే వాడండి, 3.6 ఆంపియర్లతో పని జరిగిపోతుంది. గాజు వెనుక నుంచి చూస్తే పూర్తి వెలుగుకూ సగానికీ కంటికి పెద్ద తేడా తెలియదు.

నా మదర్‌బోర్డ్ పాతది, రంగుల లైట్లకు హెడరే లేదు. ఈఎస్‌పీ8266 అనే చిన్న వైఫై బోర్డుతో ఫోన్ నుంచి నడిపించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

నిక్షేపంగా. డబ్ల్యూఎల్‌ఈడీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను బోర్డులో ఎక్కిస్తే కోడ్ రాసే పనే ఉండదు. ఎస్‌ఎంపీఎస్ 5 వోల్టులను బోర్డు విన్ పిన్‌కూ స్ట్రిప్‌కూ ఇవ్వండి, గ్రౌండ్‌లన్నీ ఒకచోట కలపండి, డీ4 పిన్ నుంచి 330 ఓంల రెసిస్టర్ ద్వారా డేటా తీయండి. స్ట్రిప్ మొదట్లో ప్లస్, మైనస్‌ల మధ్య 1000 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ పెట్టండి. దాని మీద తెల్లచార ఉన్న కాలు మైనస్‌కే పోవాలి, తిప్పి పెడితే పేలుతుంది. కంప్యూటర్ యూఎస్‌బీ నుంచి సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు ఎస్‌ఎంపీఎస్ 5 వోల్టుల వైరు ఊడదీసి ఉంచండి.

చాలామంది చిక్కుకునేది ఒక్కచోటే. ఈఎస్‌పీ డేటా పిన్ ఇచ్చేది 3.3 వోల్టులు. 5 వోల్టుల మీద నడిచే చిప్ తన సరఫరాలో 70 శాతం, అంటే 3.5 వోల్టులు వస్తేనే దాన్ని సిగ్నల్‌గా లెక్కిస్తుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు పనిచేసి, వేడెక్కాక మొరాయించే స్ట్రిప్‌లు చూస్తుంటాం. దీనికి సరైన విరుగుడు సిగ్నల్‌ను 5 వోల్టులకు పెంచే 74ఏహెచ్‌సీటీ125 అనే ఐసీ. కోఠి గుజరాతీ గల్లీలో అడగవచ్చు. అంతదూరం పోలేకపోతే ఊళ్లో టీవీ రిపేరు షాపులో దొరికే 1ఎన్4007 డయోడ్‌తో పని గడుస్తుంది. స్ట్రిప్ నుంచి ఒక్క ఎల్‌ఈడీ కత్తిరించి ముందు వరసలో పెట్టండి. దాని ప్లస్‌కు మాత్రం డయోడ్ ద్వారా కరెంటు ఇవ్వండి, తెల్లగీత ఎల్‌ఈడీ వైపు ఉండాలి. డయోడ్ దగ్గర దాదాపు 0.7 వోల్టులు తగ్గి ఆ ఎల్‌ఈడీకి 4.3 అందుతాయి. అందులో 70 శాతం 3 వోల్టులే కాబట్టి 3.3 సిగ్నల్ దానికి సరిపోతుంది. అది తన వంతుగా 4.3 వోల్టుల డేటాను తర్వాతి ఎల్‌ఈడీకి పంపుతుంది. అయిదు రూపాయలు కూడా కాని డయోడ్ చేసే పని ఇది.

ఎరుపు అడిగితే ఆకుపచ్చ వస్తే కంగారు వద్దు. సెట్టింగ్‌లో రంగుల వరస మార్చండి. ఈ చిప్‌లు ఆకుపచ్చ, ఎరుపు, నీలం వరసలో అంకెలు తీసుకుంటాయి. అక్కడే ఎల్‌ఈడీల సంఖ్య, గరిష్ఠ కరెంటు కూడా నింపండి. ఇనుప క్యాబినెట్ అయితే బోర్డును గాజు పక్కన పెట్టండి, లేకపోతే వైఫై అందదు. 5 గిగాహెర్ట్జ్ వైఫైకి ఇది కలవదు, 2.4 మాత్రమే.

స్ట్రిప్ బిగిస్తుంటే క్యాబినెట్ స్క్రూ తాకినప్పుడల్లా చేతికి జివ్వుమంటోంది. లైట్లు కూడా ఉలిక్కిపడుతున్నాయి.
– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్

పని ఆపి ప్లగ్ పీకేయండి. లైట్ల సంగతి తర్వాత, మీ సాకెట్‌కు ఎర్తింగ్ అందడం లేదు. ఎస్‌ఎంపీఎస్‌లో ఫేజ్ నుంచి బాడీకి, న్యూట్రల్ నుంచి బాడీకి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. కరెంటులోని రొదను (ఎలక్ట్రికల్ నాయిస్) భూమిలోకి పంపడానికి పెట్టినవవి. ఎర్త్ తెగితే ఆ రెండింటి మధ్య బాడీ వేలాడుతూ 230లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర్లో నిలుస్తుంది. కరెంటు తక్కువ కనుక జివ్వుమని వదిలేస్తోంది. కానీ ఎస్‌ఎంపీఎస్‌లో నిజమైన లీకేజీ వచ్చిన రోజు ఆపేదేమీ ఉండదు. స్ట్రిప్‌లోని చిప్‌లు కూడా ఇలాంటి తాకిడికి చచ్చిపోతాయి.

ముందు ఎక్స్‌టెన్షన్ బాక్స్ చూడండి, మూడు పిన్నుల రంధ్రాలున్నా లోపల రెండు వైర్లే లాగిన బాక్సులు ఉంటాయి. అది బాగుంటే ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ గుంత చూపించండి. చెల్క నేలల్లో ఎండాకాలం గుంత ఎండిపోతే ఎర్తింగ్ ఉన్నా లేనట్టే. బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోస్తుండాలి. ఎర్త్ పిన్‌ను న్యూట్రల్‌కు కలిపిస్తామని ఎవరన్నా ఒప్పుకోవద్దు. న్యూట్రల్ తెగిన క్షణంలో క్యాబినెట్ మొత్తానికి ఫేజ్ వచ్చేస్తుంది, అది ప్రాణాంతకం.

షట్‌డౌన్ చేసినా లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.
– ఒక పాఠకుడు, జడ్చర్ల

ఆపేశాక కూడా ఎస్‌ఎంపీఎస్ ఒక 5 వోల్టుల స్టాండ్‌బై లైన్‌ను బతికించి ఉంచుతుంది. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే మదర్‌బోర్డ్ సెట్టింగ్‌లలో) ఈఆర్‌పీ అనే ఆప్షన్ వెతికి ఆన్ చేయండి. అది ఆన్ అయితే కీబోర్డ్‌తో కంప్యూటర్ లేపడం, ఆఫ్‌లో ఫోన్ చార్జింగ్ పనిచేయకపోవచ్చు.

పోచంపల్లి ఇక్కత్ డిజైన్ చెక్కిన అక్రిలిక్ పలకను పక్క ప్యానెల్‌గా పెట్టి కింద నుంచి వెలిగించాలని ఉంది. ఒక నమూనా చేయిస్తే చెక్కిన గీతలు వెలగలేదు, అంచు మాత్రం మెరిసింది. పైగా ఎండకు స్ట్రిప్ ఊడి పడింది.
– ఒక పాఠకురాలు, చౌటుప్పల్

మంచి ఆలోచన, వదలకండి. లేజర్ షాపులో కాస్ట్ అక్రిలిక్ అని అడిగి తీసుకోండి. లేజర్ తగిలితే అది మంచు పట్టినట్టు తెల్లగా మారుతుంది, వెలుగు అక్కడే చెదిరి గీత కనిపిస్తుంది. చవకగా దొరికే ఎక్స్‌ట్రూడెడ్ రకంలో గీత పారదర్శకంగానే ఉండిపోతుంది. మీ నమూనా అదే అయ్యుంటుంది.

మందం 5 లేదా 6 మిల్లీమీటర్లు ఉండాలి, ఎందుకంటే ఈ స్ట్రిప్‌లలో వాడే 5050 రకం ఎల్‌ఈడీ వెడల్పు సరిగ్గా 5 మిల్లీమీటర్లు. పలుచని పలక పెడితే సగం వెలుగు పక్కలకు పోతుంది. వెలుగు దూరే కింది అంచును 400, 800, 1200 నంబర్ల నీటి ఉప్పుకాగితంతో వరసగా నున్నగా రుద్దండి. డిజైన్‌ను అద్దంలోలా తిప్పి పలక వెనుక వైపు చెక్కించండి. ముందు వైపు నున్నగా ఉంటే తుడుచుకోవడం తేలిక. ఇక్కత్‌కు అంచులు మసకగా పాకినట్టుండడమే అందం కాబట్టి గీతలు కాకుండా చుక్కల సాంద్రత మార్చి చెక్కమనండి. థిన్నర్, స్పిరిట్‌తో మాత్రం తుడవొద్దు, వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.

స్ట్రిప్ ఊడటం గురించి: ఎండాకాలం 40 డిగ్రీలు దాటే గదిలో, పైన గ్రాఫిక్స్ కార్డ్ వేడి కూడా తోడైతే వెనుక గమ్ కరిగిపోతుంది. స్ట్రిప్‌ను అల్యూమినియం చానెల్‌లో పెట్టి, ప్రతి 15 సెంటీమీటర్లకూ సన్నటి కేబుల్ టై వేయండి. చానెల్ అంచు స్ట్రిప్ కొసన ఉన్న రాగి రేకులను తాకకుండా వేడిని తట్టుకునే కప్టాన్ ఇన్సులేషన్ టేపు చుట్టండి, లేదంటే అక్కడే షార్ట్ అవుతుంది.