పచ్చి సోయా పిండి పెడితే కోడిపిల్లలు ఎందుకు ఎదగవు?

ప్రశ్న: నా దగ్గర నాలుగు వారాల వనరాజా పిల్లలు 200 ఉన్నాయి. ఖర్చు తగ్గుతుందని పచ్చి సోయా గింజలు పిండి పట్టించి మొక్కజొన్న నూకలో కలుపుతున్నాను. బాగానే తింటున్నాయి కానీ ఎదగడం లేదు, రెట్ట జిగటగా ఉంది. గింజలు ఉడికిస్తే ప్రోటీన్ పోతుందంటున్నారు, నిజమేనా?
– ఒక రైతు, మొయినాబాద్, హైదరాబాద్ శివారు

జవాబు: ప్రోటీన్ ఎక్కడికీ పోదండీ. ఉడికించకపోవడం వల్లే ఈ తిప్పలు.

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలు వరుసగా అతుక్కున్న పొడవాటి గొలుసు. ఒక అమైనో ఆమ్లంలోని కార్బాక్సిల్ సమూహం పక్కదాని అమైనో సమూహంతో కలిసినప్పుడు ఒక నీటి అణువు బయటికి పోయి, కార్బన్‌కీ నైట్రోజన్‌కీ మధ్య అతుకు పడుతుంది. అదే పెప్టైడ్ బంధం. మహా మొండిది. ల్యాబులో దాన్ని పూర్తిగా తెంచాలంటే గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 110 డిగ్రీల దగ్గర దాదాపు 24 గంటలు ఉంచుతాం. మీ పొయ్యి మీద అరగంట ఉడికితే గొలుసు మడతలు విడిపోతాయి, అంతే. అతుకులు తెగవు.

కోడి పేగులో ఎంజైములు ఆ పోయిన నీటి అణువును తిరిగి చేర్చి, ఒంటి వేడికే బంధాన్ని తెంచేస్తాయి. వీటిలో ముఖ్యమైనది ట్రిప్సిన్. గొలుసులో లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలు ఉన్నచోట కోస్తుంది. పచ్చి సోయాలో ఈ ట్రిప్సిన్‌ను పట్టుకుని పని చేయనివ్వని పదార్థాలున్నాయి, చిత్రంగా అవీ ప్రోటీన్లే. లోటు పూడ్చడానికి క్లోమం ఇంకా ఎంజైము తయారుచేస్తూ ఉబ్బుతుంది. ఆ ఎంజైమూ ప్రోటీనే కాబట్టి పిల్లకు రెండువైపులా నష్టం. ఉడికిస్తే అడ్డుకునే ప్రోటీన్ల మడతలు చెడి, వాటి పట్టు చాలావరకు పోతుంది.

గింజలు రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, అరగంటకు తగ్గకుండా ఉడికించండి. గలగలలాడేలా ఎండాకే పిండి పట్టించండి, లేదంటే బూజు పడుతుంది. నల్లగా మాడేలా మాత్రం వేయించొద్దు. అప్పుడు లైసిన్ చక్కెరలతో కలిసిపోయి కోడికి అందదు. ఇంత చాకిరీ ఎందుకనుకుంటే సోయా చెక్క కొనండి, నేనైతే అదే చెప్తాను. నూనె తీశాక మిల్లులోనే వేడి చేసి ఇస్తారు, ప్రోటీన్ 44–48 శాతం దాకా ఉంటుంది. ఏది వాడినా మొక్కజొన్న, సోయాతో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం చాలదు కాబట్టి అది, లవణ మిశ్రమం విడిగా కలపాల్సిందే. వనరాజా రాజేంద్రనగర్‌లో రూపొందించిన పెరటి రకమే అయినా, తొలి ఆరు వారాలు దాణా మీదే ఎదగాలి.

రెట్టలో రక్తం కనబడితే మాత్రం దాణాను అనుమానిస్తూ కూర్చోకండి. అది కాక్సిడియోసిస్ (పేగుల్లో పరాన్నజీవుల వల్ల వచ్చే జబ్బు) కావచ్చు, ఆ రోజే రెట్ట నమూనా పట్టుకుని పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి.