జామకాయలో పురుగు: ఫోటో చూసి ఈగ పేరు చెప్పగలమా?

ప్రశ్న: దేవనహళ్ళి దగ్గర రెండెకరాల్లో తైవాన్ జామ వేశాం. పక్కనే బీర పందిరి ఉంది. జామకాయ కోస్తే లోపల తెల్ల పురుగులు కనిపిస్తున్నాయి. మా అబ్బాయి తోటలో మూడు ఈగలను ఫోన్‌తో ఫోటో తీసి యాప్‌లో పెడితే ఒకదానికి తేనెటీగ అని, ఇంకోదానికి మామిడి పండు ఈగ అని వచ్చింది. ఫోటోలు పంపుతున్నాం. ఇది ఏ ఈగ? ఏ మందు కొట్టమంటారు?
– ఒక రైతు, దేవనహళ్ళి

జవాబు: మూడు ఫోటోలూ పెద్దవి చేసి చూశాను. ముందు మందు సంగతి పక్కన పెట్టండి. ఆ మూడు ఈగల్లో రెండింటికి మీ కాయల్లోని పురుగుతో సంబంధం లేదు.

ఆకు మీద వాలిన పసుపు, నలుపు చారల ఈగ సిర్ఫిడ్ ఈగ. యాప్ తేనెటీగ అన్నది దీన్నే. తేనెటీగకు రెండు జతల రెక్కలు, దీనికి ఒక్క జతే. ఈ రకం ఈగల్లో చాలావాటి పిల్ల పురుగులు పేనుబంకను తింటాయి కాబట్టి ఇది మీకు మేలు చేసేదే. ఇక పగిలిన కాయ మీద ఉన్న చిన్న ఎర్రకళ్ళ ఈగ డ్రోసోఫిలా. పులిసిన వాసనకు వస్తుంది. కాయ చెడిపోయాక వచ్చిందే తప్ప చెడగొట్టింది ఇది కాదు.

మూడోది మాత్రం నిజంగా పండు ఈగే. రొమ్ము మీద పక్కల రెండు పసుపు గీతలున్నాయి, పొట్ట చివర గుడ్లు పెట్టే మొన కనిపిస్తోంది. అంటే ఆడ ఈగ. అంతవరకు ధైర్యంగా చెప్పగలను, ఆపైన ఫోటో చాలదు. మన ప్రాంతంలో జామకు ముఖ్యంగా బాక్ట్రోసెరా డోర్సాలిస్, కరెక్టా, జొనాటా అనే మూడు రకాలు వస్తాయి. డోర్సాలిస్ రెక్క ముందు అంచున సన్నటి నల్ల చార చివరిదాకా ఆగకుండా సాగుతుంది. మిగతా రెండింటికి ఆ చార మధ్యలో తెగి, రెక్క కొసన మచ్చలా తేలుతుంది. ఆ రెండింటిని విడదీయాలంటే ముఖం చూడాలి: కరెక్టాకు ముఖం మీద నల్ల మచ్చలు కలిసి అడ్డగీతలా ఉంటాయి, జొనాటాకు విడివిడిగా ఉంటాయి. మీ ఫోటోలో ఈగ వెనక్కి తిరిగి ఉంది, రెక్క మసకగా పడింది. ఒంటి రంగు చూసి తేల్చేద్దామంటే డోర్సాలిస్‌లోనే నల్లవీ ఉంటాయి, ఎర్రటి గోధుమరంగువీ ఉంటాయి.

చేతిలో ఈగ పెట్టుకుని చూసే నిపుణులకే ఇది చిక్కు. 2003లో కెన్యాలో కనిపించిన ఒక పండు ఈగను 2005లో కొత్త జాతిగా భావించి ఇన్వాడెన్స్ అని పేరు పెట్టారు. శరీర కొలతలు, జన్యువులు, జతకట్టే తీరు అన్నీ పరిశీలించాక 2015లో అదీ డోర్సాలిసేనని తేల్చి ఆ పేరు తీసేశారు.

జామ వరకు పేరు తేలలేదని టెన్షన్ పడకండి. ఈ మూడు రకాల మగ ఈగలూ మిథైల్ యూజినాల్ ఎరకే వస్తాయి. బీర దగ్గర మాత్రం రకం తెలియాల్సిందే. తీగ జాతి కూరగాయల ఈగ మిథైల్ యూజినాల్‌కు రాదు, దానికి క్యూలూర్ ఎర కావాలి. దీని గుర్తు ఫోన్ ఫోటోలోనూ దొరుకుతుంది. పైనుంచి తీస్తే రొమ్ము మీద పక్క గీతలతో పాటు నడుమ మూడో పసుపు గీత కనిపిస్తుంది.

కాయలోని పురుగు ఏ ఈగదో తేలాలంటే తోటలో ఎగిరే ఈగను కాదు, ఆ కాయలోంచే వచ్చిన ఈగను చూడాలి. పురుగు పట్టిన కాయలు పదింటిని ప్లాస్టిక్ డబ్బాలో రెండంగుళాల తడి ఇసుక మీద పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టండి. పురుగులు ఇసుకలోకి దిగి గోధుమ గింజల్లా గట్టిపడతాయి. ఆ తర్వాత వారం, పది రోజుల్లో ఈగలు వస్తాయి. వచ్చీ రాగానే చంపొద్దు, అప్పటికి రంగులు, మచ్చలు తేలవు. దూదిని చక్కెర నీళ్ళలో తడిపి లోపల పెట్టి మూడు, నాలుగు రోజులు బతకనివ్వండి. తర్వాత ఫ్రీజర్‌లో పెట్టి, చచ్చాక స్పిరిట్ సీసాలో వేయండి. పంట, ఊరు, తేదీ రాసిన చీటీ లోపలే వేయండి. పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. జామవి, బీరవి వేర్వేరు సీసాల్లో ఉండాలి. మీరు బెంగళూరు వచ్చే బళ్ళారి రోడ్డు మీదే హెబ్బాళలో జాతీయ కీటక వనరుల సంస్థ ఉంది, హెసరఘట్టలో ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది. సీసాలు అక్కడ చూపించండి.

ఈలోగా రాలిన కాయలను రోజూ ఏరి రెండడుగుల లోతున పూడ్చండి. జామలో ఎకరానికి 4 నుంచి 6 మిథైల్ యూజినాల్ బుట్టలు కట్టండి. పిందెలు నిమ్మకాయంత కాగానే కవర్లు తొడగండి. కాయ లోపలున్న పురుగుకు పైన కొట్టే మందు సరిగా అందదు, మధ్యలో సిర్ఫిడ్ ఈగలు, తేనెటీగలు చస్తాయి.