డాక్టర్ సలహా: ఇన్‌హేలర్ కంటే ముందు ఆ శనక్కాయ గింజ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: మా బాబుకు రెండున్నరేళ్లు. నెల రోజులుగా దగ్గు, పిల్లికూతలు. రెండుసార్లు జ్వరం వస్తే, పోయినేడాది చీటీ చూపించి మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ సిరప్ తెచ్చి పట్టాం. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. కుడివైపు నెమ్ము ఉందని ఇక్కడి డాక్టరు ఇన్‌హేలర్ కూడా రాశారు. మా అమ్మవాళ్లింట్లో శనక్కాయలు తింటూ పొలమారినప్పటి నుంచే ఈ దగ్గు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందా?
– ఓ తల్లి, కళ్యాణదుర్గం

జవాబు: అమ్మా, ఇన్‌హేలర్ అలవాటు కాదు. మందు తక్కువ మోతాదులో నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. ఈ వయసులో స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం), మాస్కు పెట్టి వాడాలి. దాని గురించి టెన్షన్ వద్దు. నాకు భయం కలిగించింది మీరు మామూలుగా రాసేసిన శనక్కాయల మాట. ఈ సంగతి అక్కడి డాక్టరుకు చెప్పారా?

పొలమారితే ‘ఎవరో తలుచుకుంటున్నారు’ అని నెత్తిన తట్టి ఊరుకుంటాం. పసిపిల్లల విషయంలో అలా వదిలేయకూడదు. గింజ ముక్క గాలిగొట్టంలోకి జారితే పిల్లలు కాసేపు ఉక్కిరిబిక్కిరిగా దగ్గి, తర్వాత మామూలుగా ఆడుకుంటారు. గింజ బయటికి వచ్చేసిందనుకుంటాం. కొన్నాళ్లకు ఒకవైపే పిల్లికూత వినిపిస్తుంది. గింజ అడ్డుపడిన చోట కఫం నిలిచిపోయి, అందులో బ్యాక్టీరియా పెరిగి నెమ్ము చేస్తుంది. యాంటీబయాటిక్ పడితే జ్వరం దిగుతుంది. గింజ మాత్రం అక్కడే ఉంటుంది, మందు ఆపగానే మళ్లీ మొదలు.

బాబును చూడకుండా ఇదేనని నేను చెప్పలేను. ఈ వయసులో పిల్లికూతలు ఎక్కువగా వైరస్‌ల వల్లే వస్తాయి, ఆస్తమా స్వభావమూ ఉండొచ్చు. రెండు వారాలు దాటిన దగ్గు కాబట్టి టీబీ పరీక్ష కూడా అవసరం కావచ్చు. అయినా పొలమారిన సంగతి తెలిశాక గింజ లేదని తేలేదాకా ఉందనే అనుకోవాలి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారని ఊరట పడొద్దు, శనక్కాయ గింజ ఎక్స్‌రేలో కనబడదు. అనుమానం బలంగా ఉంటే మత్తు ఇచ్చి, నోటి ద్వారా బ్రాంకోస్కోప్ (గాలిగొట్టం లోపల చూసే సన్నని గొట్టం) పంపి చూస్తారు, గింజ ఉంటే అప్పుడే తీసేస్తారు. పిల్లలకు ఇది చేసే ఆసుపత్రికి మీ డాక్టరే పంపిస్తారు. కర్నూలో, బెంగళూరో వెళ్లాల్సి వచ్చినా వెనకాడొద్దు. ఆలస్యమయ్యేకొద్దీ గింజ చుట్టూ వాచి, తీయడం కష్టమవుతుంది.

ఇక ఆ పాత చీటీ గురించి. కోప్పడుతున్నానని అనుకోవద్దు గానీ, ఏడాది కింద బాబు బరువెంత, ఇప్పుడెంత? పిల్లల మందు బరువును బట్టి లెక్క కడతాం. వైరస్‌తో వచ్చిన పిల్లికూతకు యాంటీబయాటిక్ పనిచేయదు. బ్యాక్టీరియా నెమ్ముకైనా ఈ వయసులో మామూలుగా మొదట ఇచ్చేది అమాక్సిసిలిన్, అజిత్రోమైసిన్ కాదు. అన్నిటికంటే పెద్ద నష్టం, ఆ సిరప్ జ్వరాన్ని అణచి, అసలు జబ్బును నెల రోజులు దాచేసి ఉండొచ్చు. మెడికల్ షాపు అతను బాబు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి వినలేడు కదమ్మా. వచ్చే ప్రతి పేరెంట్‌కూ ఇదే చెబుతున్నాను, అయినా చీటీలు బీరువాలో దాచుకుంటూనే ఉన్నారు.

రేపే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. లోపల అడుగుపెట్టగానే ముందు పొలమారిన సంగతి చెప్పండి. తీసిన ఎక్స్‌రేలు, వాడిన సీసాలు అన్నీ పట్టుకెళ్లండి. ఈలోగా బాబు నిద్రలో ఉన్నప్పుడు నిమిషం పూర్తిగా ఊపిరి లెక్కపెట్టండి. 40, అంతకు మించి ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, తాగలేకపోతున్నా రేపటిదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. నోట్లో వేలు పెట్టి వెతకొద్దు, గింజ ఇంకా లోపలికి పోతుంది.

ఇంట్లో మూటలు ఉంటాయి, పిల్లాడు చేయి చాస్తాడు, నాకు తెలుసు. నాలుగేళ్లు దాటేవరకు గింజలు గింజలుగా పెట్టొద్దు. పొడి చేసి అన్నంలో కలిపి పెట్టండి. డాక్టరు చూసేదాకా ఇన్‌హేలర్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.