సంతకం పెట్టినంత మాత్రాన హక్కు పోతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది, బీడీలు కాలుస్తారు. పాత ప్రమాదంలో విరిగిన చీలమండ అరిగిపోయి నడవలేకపోతుంటే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కీలు మార్పిడి చేశారు. గాయం మానక చీము పట్టింది. నాలుగు నెలలకు ఆ కృత్రిమ కీలు తీసేయాల్సి వచ్చింది. "షుగర్ ఉన్నవారికి ఇలాగే అవుతుంది, మీరు సంతకం కూడా పెట్టారు" అంటున్నారు. ఆపరేషన్ జరిగి 14 నెలలైంది. కేసు వేయవచ్చా? - ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: వేయవచ్చు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకు వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. అయితే చీము పట్టడమే నిర్లక్ష్యానికి రుజువు కాదు. ఎంత జాగ్రత్తగా చేసినా కొందరికి పడుతుంది. వైద్యం ఫలించలేదన్న ఒక్క కారణంతో డాక్టరును తప్పుపట్టలేమని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో కోర్టు స్పష్టంగా చెప్పింది.

ఆసుపత్రి ఇచ్చిన సమాధానం మాత్రం నాకు కోపం తెప్పించింది. షుగర్ సంగతి వారికి ఆపరేషన్ తర్వాత తెలిసింది కాదు కదా. చీలమండ ముందువైపు చర్మం పలుచగా ఉంటుంది, దాని కింద కండ పెద్దగా ఉండదు. సాధారణంగా కోత పెట్టేది అక్కడే. అదుపులో లేని షుగర్, పొగ అలవాటు, పాదానికి రక్తప్రసరణ తగ్గడం, అదే చోట పాత ఆపరేషన్ లేదా చీము, కీళ్లవాతానికి వాడే స్టెరాయిడ్లు... ఇవి ఉంటే గాయం మానడం కష్టమని ఎముకల వైద్యులందరికీ తెలుసు. ముందే తెలిసిన ప్రమాదానికి ముందే జాగ్రత్త పడాలి. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష చేశారా? ఎక్కువగా ఉంటే ఆపరేషన్ వాయిదా వేశారా? పాదంలో నాడి చూశారా? బీడీలు మానమని చెప్పి, అందుకు గడువు ఇచ్చారా? మీ కేసు బలమంతా ఈ జవాబుల్లోనే ఉంది.

ఇక సంతకం. 2008లో సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, చికిత్స ఏమిటి, దానిలో ముఖ్యమైన ప్రమాదాలేమిటి, వేరే మార్గం ఉందా, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి రోగికి అర్థమయ్యేలా చెప్పాకే అది నిజమైన సమ్మతి. చాలా అరుదైన ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టనక్కరలేదు. కానీ షుగర్ రోగికి గాయం మానకపోవడం అరుదైన సంగతి కాదు. పైగా కీలు మార్చకుండా ఎముకలను కలిపి బిగించే ఫ్యూజన్ ఆపరేషన్ ఒకటి ఉంది. దాని మాటే ఎత్తకపోతే అది పెద్ద లోపం. ఆపరేషన్ రోజు ఉదయం ఇంగ్లీషు ఫారం చేతికిచ్చి సంతకం చేయించుకుని ఉంటే ఆ విషయం తప్పక రాయండి.

ఒక మాట దాచను. పొగ మానమని రాతపూర్వకంగా చెప్పినా నాన్నగారు మానకపోయి ఉంటే, ఆసుపత్రి దాన్నే ముందుకు తెస్తుంది. నాతో కాకపోయినా మీ వకీలుతో ఈ నిజం చెప్పండి.

వెంటనే కేస్ షీటు మొత్తం కావాలని లిఖితపూర్వకంగా అడగండి. 2002 వైద్య మండలి నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. అందులో సమ్మతి పత్రం, షుగర్ చార్టు, చీములో ఏ క్రిమి ఉందో చెప్పే కల్చర్ రిపోర్టు, అమర్చిన కీలు తాలూకు స్టిక్కరు ఉన్నాయో లేదో చూసుకోండి. ప్రతి కేసులోనూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదని 2010లో కిషన్ రావు కేసులో తీర్పు వచ్చింది. అయినా ఇంత సాంకేతికమైన విషయంలో మరో ఎముకల వైద్యుడి అభిప్రాయం రాయించుకోమనే నా సలహా.

ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. వాదనకు తావులేకుండా దాన్ని ఆపరేషన్ తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. ఆసుపత్రి ఏ ఊళ్లో ఉన్నా మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. మీరు ఆసుపత్రికి చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. ఆ చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషనే వింటుంది.

ఈలోగా నాన్నగారి పక్కన కూర్చుని, ఆపరేషన్‌కు ముందు ఎవరు ఏం చెప్పారో, ఏ భాషలో చెప్పారో ఆయన మాటల్లోనే రాసి పెట్టండి.