పులి కాదు, నీళ్లు చూపించండి

ప్రశ్న: నమస్కారమండీ. మావారు, నేను, పదేళ్ల బాబు, ఆరేళ్ల పాప, మా అత్తగారు. సొంత కారుంది, మావారు బాగానే నడుపుతారు. అరకు, లంబసింగి చూసేశాం. ఈ దసరా సెలవుల్లో నేషనల్ పార్కులు చుట్టి రావాలని మావాడి పట్టు. పులి కనబడాలట! విశాఖ నుంచి కారులో వెళ్లొచ్చేవి ఏమున్నాయి?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: ముందుగా బాబుకి చెప్పెయ్యండమ్మా, ఈ దారిలో పులి మీద ఆశ పెట్టుకోవద్దని. లేకపోతే రెండో రోజుకే కారులో అలకలు మొదలవుతాయి.

మీ ఇంటి పక్కనున్న కంబాలకొండ అభయారణ్యమే గానీ నేషనల్ పార్కు కాదు. మన రాష్ట్రంలో ఆ హోదా ఉన్నవి మూడు. తిరుపతి వైపుది, కడప జిల్లాలోని చిన్నది మనకి దూరాభారం. మిగిలింది 2008లో ప్రకటించిన పాపికొండ. దానికి జతగా ఛత్తీస్‌గఢ్‌లో జగదల్‌పూర్ దగ్గరున్న కాంగేర్ లోయ పార్కు కలపండి. అది 1982 నాటిది, 200 చదరపు కిలోమీటర్ల అడవి.

ఈ రెండే ఎందుకంటే, రెంటినీ కలిపేది ఒకే నీరు. కాంగేర్ లోయలో తీరథ్‌గఢ్ దగ్గర దూకిన నీళ్లు కాంగేర్ ఏట్లో పడి, అది వెళ్లి కొలాబ్‌లో కలుస్తుంది. ఒడిశా వాళ్ల కొలాబే మన శబరి. శబరి కూనవరం దగ్గర గోదావరిలో చేరుతుంది, ఆ గోదావరే పాపికొండల మధ్య నుంచి దూరి వస్తుంది. వెళ్లేటప్పుడు కోరాపుట్, జయపురం ప్రాంతంలోనే మీకు కొలాబ్ ఎదురవుతుంది. బాబు చేతికి ఒక పటం ఇచ్చి, ఆ నీటి వెంట వేలు పెట్టుకుని రమ్మనండి. నాలుగు రోజులూ వాడికి పని దొరుకుతుంది.

ఇక దసరా సంగతి. జగదల్‌పూర్‌లో దసరా 75 రోజుల పండగ. రావణ దహనం ఉండదు, అంతా దంతేశ్వరి అమ్మవారిదే. జనం తాళ్లతో లాగే పెద్ద చెక్క రథం చూసి తీరాల్సిందే. కానీ ఆ రోజుల్లో చిన్నపిల్లలతో, అత్తగారితో లాడ్జి గది వెతుక్కోవడం మాటలు కాదు. చిత్రకోట్ జలపాతంలో ఇంద్రావతి నిండుగా దూకేది మాత్రం వానాకాలంలోనూ, అది వెళ్లిన కొత్తలోనూ. అప్పుడేమో కాంగేర్ లోయ పార్కులోని కుటుంసర్ గుహ మూసి ఉంటుంది, మామూలుగా నవంబరులో గానీ తెరవరు. రెండూ నిండుగా కావాలంటే కుదరదు. నా ఓటు డిసెంబరుకి. నీళ్లు పలచబడినా చూడ్డానికి బావుంటాయి, గుహ తెరిచే ఉంటుంది. క్రిస్మస్‌కి అటూ ఇటూ రెండు రోజులు బడి మాన్పించండి. టీచరు గారికి నా పేరు మాత్రం చెప్పకండి.

విశాఖ నుంచి జగదల్‌పూర్ సుమారు 300 కిలోమీటర్లు. ఘాట్లున్నాయి కాబట్టి రోజంతా పడుతుంది. అక్కడ రెండు రాత్రులు ఉండండి.

గుహకి బొర్రాని ఊహించుకుని వెళ్లకండి. బొర్రా కల్యాణ మండపంలా విశాలం. కుటుంసర్‌లోకి ఇరుకు సందులోంచి దిగాలి, లోపల చిమ్మచీకటి, గైడు చేతిలో లైటే దిక్కు. అత్తగారి మోకాళ్ల సంగతి మీరు రాయలేదు, అయినా ఆవిడ పైనే కూర్చోవడం మంచిది. లోపలి నీటి గుంటల్లో చీకటికి అలవాటు పడి, కళ్లు సరిగా ఎదగని చిన్న చేపలుంటాయి. మీవాడు పులిని మర్చిపోతే అక్కడే మర్చిపోవాలి. పాపకైతే కొండ గోరింక. మనిషి గొంతుని అనుకరించే ఆ పిట్టే ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి.

తిరుగు ప్రయాణం సుక్మా, కుంట, చింతూరు మీదుగా, 30వ నంబరు జాతీయ రహదారి. దర్భ ఘాట్ పేరు వినగానే మీ అత్తగారు వద్దంటారేమో. 2013 మే 25న మావోయిస్టుల దాడి జరిగింది ఆ ఘాట్‌లోనే. ఆవిడ భయాన్ని కొట్టిపారెయ్యకండి. ముందురోజే లాడ్జిలో, పెట్రోలు బంకులో దారి ఎలా ఉందో అడగండి. ట్యాంకు జగదల్‌పూర్‌లోనే నింపేసి తెల్లారగానే కదలండి. చింతూరు చేరేసరికి పొద్దు వాలితే ఆ రాత్రి అక్కడే ఆగిపోండి. ఆ తర్వాత వచ్చే మారేడుమిల్లి ఘాట్ చీకట్లో ఎక్కే రోడ్డు కాదు.

పాపికొండల్ని పడవలోంచి చూడాలి, గండిపోచమ్మ గుడి దగ్గర ఎక్కొచ్చు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగింది గోదావరి వరద మీదున్నప్పుడే. డిసెంబరు అనడానికి ఇదీ ఒక కారణం. ఫొటో దిగాక కూడా లైఫ్ జాకెట్లు విప్పనివ్వకండి, ముఖ్యంగా మీవారిని.

రాజమండ్రి నుంచి ఇంటికి హైవేయే, చెప్పడానికేం లేదు. మారేడుమిల్లిలో బస మాత్రం శని, ఆదివారాలు పడకుండా చూసుకోండి. బొంగు చికెన్ కోసం వచ్చే కార్లతో ఆ రెండు రోజులూ ఊళ్లో బండి ఆపడానికి చోటుండదు.